వళివడె శిబిరం: యుద్ధంలో ఇల్లు పోయిన పోలండ్ పిల్లలకు మన దగ్గర అందిన సాయం

వళివడె కొల్హాపూర్ పక్కన, పంచగంగ నదికి దగ్గరలో ఉన్న ఊరు. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా 1943లో ఇక్కడ పోలండ్ దేశపు కాందిశీకుల కోసం ఒక శిబిరం తెరిచారు. అది 1948 దాకా నడిచింది. నిండుగా ఉన్న రోజుల్లో అందులో దాదాపు 5,000 మంది ఉండేవాళ్ళు. ఎక్కువ మంది తల్లులు, పిల్లలు, ముసలివాళ్ళే. దీనికంటే ముందే, 1942లో, గుజరాత్‌లోని జామ్‌నగర్ దగ్గర బాలాచడిలో పిల్లల కోసమే ఒక చిన్న శిబిరం మొదలైంది. యుద్ధం వల్ల చెదిరిపోయిన పిల్లలకు అత్యవసర సాయం అంటే ఏమేం చేయాలో తెలుసుకోవడానికి ఈ రెండు శిబిరాల కంటే మంచి ఉదాహరణ మన దేశంలో దొరకడం కష్టం. భాషా మైనారిటీ బడిలో చదివే మనకు ఇందులో ఇంకో విషయం కూడా ఉంది. ఆ పిల్లలకు కూడుతో పాటు సొంత భాషలో బడి కూడా దొరికింది.

పిల్లలు ఇంత దూరం ఎట్లా వచ్చారు? 1939 సెప్టెంబర్ 1న జర్మనీ పడమటి నుంచి పోలండ్ మీద పడింది. అదే నెల 17న సోవియట్ సేనలు తూర్పు నుంచి వచ్చాయి. తూర్పు పోలండ్‌లోని కుటుంబాలను 1940 ఫిబ్రవరి నుంచి 1941 జూన్ దాకా నాలుగు విడతలుగా సరుకు రైళ్ళలో ఎక్కించి సైబీరియాకు, కజకిస్తాన్‌కు పంపేశారు. మొదటి విడత ఫిబ్రవరి 10 రాత్రి, గడ్డకట్టే చలిలో మొదలైంది. అక్కడ అడవుల్లో చెట్లు కొట్టడం, పొలాల్లో చాకిరీ, తిండి కరువు. 1941 జూన్‌లో హిట్లర్ సోవియట్ దేశం మీదికే తిరగబడ్డాక పరిస్థితి మారింది. లండన్‌లో ఉన్న ప్రవాస పోలండ్ ప్రభుత్వానికి, మాస్కోకు ఒప్పందం కుదిరి, నిర్బంధంలో ఉన్నవాళ్ళను వదిలారు. జనరల్ ఆండర్స్ కింద ఒక పోలిష్ సైన్యం తయారవుతుంటే, దాని వెంటే ఆడవాళ్ళు, పిల్లలు దక్షిణానికి నడిచారు. 1942లో రెండు విడతలుగా లక్ష మందికి పైగా కాస్పియన్ సముద్రం దాటి ఇరాన్‌లోని పహ్లవీ రేవులో దిగారు. అక్కడి నుంచి పిల్లలను ఎక్కడెక్కడికి పంపారో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది: తూర్పు ఆఫ్రికా, మెక్సికో, లెబనాన్, న్యూజిలాండ్, ఇండియా.

మన దేశానికి మొదట వచ్చిన పిల్లలు ఓడలో రాలేదు, లారీల్లో వచ్చారు. బొంబాయిలోని పోలండ్ కాన్సల్ భార్య కీరా బనసిన్‌స్కా రెడ్‌క్రాస్ తరఫున మందులు, దుప్పట్లు సేకరించి లారీల్లో మధ్య ఆసియాకు పంపించారు. ఆ లారీలే తిరుగు దారిలో మష్హద్, క్వెట్టా మీదుగా పిల్లలను ఎక్కించుకొని వచ్చాయి. ఈమె యుద్ధం తర్వాత కూడా ఇండియాలోనే ఉండిపోయారు, హైదరాబాద్‌లో కూడా గడిపారు. మన తెలుగువాళ్ళలో ఈ సంగతి తెలిసినవాళ్ళు తక్కువ.

బాలాచడిలో చోటు ఇచ్చింది నవానగర్ సంస్థానాధీశుడు జామ్ సాహెబ్ దిగ్విజయ్‌సిన్హ్‌జీ. రంజీ ట్రోఫీ ఎవరి పేరు మీద ఉందో ఆ రంజిత్‌సిన్హ్‌జీకి ఈయన వారసుడు. సముద్రం ఒడ్డున తన వేసవి బంగళా దగ్గరే శిబిరం కట్టించాడు. తోటి సంస్థానాధీశుల దగ్గర, మిగతా దాతల దగ్గర చందాలు పోగయ్యాయి. పిల్లలు ఆయనను బాపూ అని పిలిచేవాళ్ళు. రోజూ పాలకూర పెడుతున్నారని పిల్లలు ఒకసారి సమ్మె చేస్తే, పాలకూర వండొద్దని ఆయనే వంటవాళ్ళకు చెప్పాడని ఆ పిల్లలు పెద్దయ్యాక గుర్తుచేసుకున్నారు. నవ్వొచ్చే సంగతే గానీ, ఇందులో పట్టించుకోవలసినది ఉంది. ఏడాదిన్నర పాటు ఏది పెడితే అది, పెట్టకపోతే అదీ లేక బతికిన పిల్లలు, ఇది మాకొద్దు అని చెప్పగలిగే స్థితికి వచ్చారన్నమాట.

ఇక సాయం ఎట్లా నడిచిందో చూద్దాం. మొదటిది ప్రాణం నిలపడం. పహ్లవీ రేవులో దిగినవాళ్ళు ఎముకల గూళ్ళలా ఉన్నారు. టైఫస్, విరేచనాలు, మలేరియా. ఒడ్డుకు చేరాక కూడా చాలా మంది చనిపోయారు. కొందరిని చంపింది ఆకలి కాదు, ఆకలి తీరిన తీరు. నెలల తరబడి ఎండిన కడుపుకు ఒక్కసారిగా మాంసం, కొవ్వు పెడితే శరీరం తట్టుకోలేదు. ఈ పాఠం ఇప్పుడు వైద్యంలో స్థిరపడింది. తీవ్రంగా చిక్కిపోయి, జబ్బుపడి ఆసుపత్రిలో చేరిన పిల్లలకు మొదటి రోజుల్లో ఎఫ్-75 అనే పల్చటి పాలు కొద్దికొద్దిగా ఇస్తారు. కోలుకున్నాక ఎఫ్-100, లేదా వేరుశనగ ముద్దతో చేసిన పొట్లాలు. ఆ వేరుశనగ ముద్దను 1990ల్లో ఫ్రాన్స్‌లో తయారుచేశారు. 92 గ్రాముల పొట్లంలో 500 కేలరీలు ఉంటాయి. నీళ్ళు కలపక్కర్లేదు, వండక్కర్లేదు, పిల్లవాడు నేరుగా చీకి తినొచ్చు. మంచినీళ్ళే దొరకని చోట ఇది ఎంత పెద్ద సౌకర్యమో ఆలోచించండి. ఇట్లాంటిదే ఇంకొకటి మన దేశంలోనే నిరూపణ అయింది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నుంచి పారిపోయి వచ్చినవాళ్ళలో కలరా వ్యాపించినప్పుడు, బన్‌గావ్ శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీళ్ళను డ్రమ్ముల్లో నింపి తల్లుల చేతే తాగించారు. అక్కడ నూటికి 30 మంది దాకా పోతున్న చావులు 4 కంటే తక్కువకు దిగాయి. ఈ రోజు మన ఇంట్లో ఉండే ఓఆర్ఎస్ పొట్లం మీద ప్రపంచానికి నమ్మకం కుదిరింది అక్కడే.

రెండోది కుటుంబంగా బతకనివ్వడం. వళివడెలో వరసల్లో కట్టిన బారకుల్లో ఒక్కో కుటుంబానికి విడిగా గదులు ఇచ్చారు. పెద్ద గంగాళంలో వండి క్యూలో వడ్డించకుండా, కుటుంబానికి నెలకింత అని డబ్బు ఇచ్చి, ఎవరి వంట వాళ్ళు చేసుకునేటట్టు చూశారు. తల్లి సంచి పట్టుకొని బజారుకు పోతుంది, బేరమాడుతుంది, పొయ్యి వెలిగిస్తుంది. పిల్లవాడికి ఇల్లంటే ఏమిటో మళ్ళీ గుర్తొస్తుంది. వస్తువులకు బదులు నగదు ఇవ్వడం ఈ మధ్య వచ్చిన కొత్త పద్ధతి అని కొందరు అనుకుంటారు, కానీ వళివడెలో అది ఎనభై ఏళ్ళ కిందటే నడిచింది. ఆసుపత్రి, చర్చి, అనాథాశ్రమం, నాటకశాల కూడా ఉండేవి. ఈ ఖర్చు చాలా భాగం భరించింది లండన్‌లోని ప్రవాస పోలండ్ ప్రభుత్వం.

మూడోది బడి. దీని గురించే ఎక్కువ చెప్పాలి. శిబిరంలో శిశు తరగతులు, ప్రాథమిక పాఠశాలలు, ఉన్నత పాఠశాల, చేతిపనులు నేర్పే బడి నడిచాయి. బోధన పోలిష్‌లో. పాఠాలు చెప్పింది కూడా ఆ కాందిశీకుల్లోని వాళ్ళే. పోలిష్ పాఠ్యపుస్తకాలు ఆ రోజుల్లో జెరూసలేంలో అచ్చయ్యేవి, అవి అందరికీ సరిపోయేవి కావు. సైబీరియాలో రెండేళ్ళు బడి ముఖం చూడని పిల్లలు, వయసుకు రెండు మూడు తరగతులు వెనకబడినవాళ్ళు. వాళ్ళను నేరుగా ఇంగ్లిషు బళ్ళో వేస్తే ఏమయ్యేది? కొందరు ఎట్లాగో నెగ్గుకొచ్చేవాళ్ళు, ఎక్కువ మంది వెనక బెంచీలో మాటలేకుండా కూర్చునేవాళ్ళు. ముందు సొంత భాషలో చదువు నిలబెట్టి, దాని మీద ఇంగ్లిషు నేర్పారు. తర్వాత ఇంగ్లండ్, ఆస్ట్రేలియా, అమెరికాలకు పోయి బతికిన వాళ్ళకు రెండూ పనికొచ్చాయి. ఇట్లా చేయడం భాషాభిమానం మాత్రమే అని నేను అనుకోను. భయపడిన పిల్లవాడు మాట్లాడటం మొదలుపెట్టేది తనకు వచ్చిన భాషలోనే కదా.

ఇక్కడొక చిన్న ముచ్చట. మన రాజ్యాంగంలో మైనారిటీలకు సొంత విద్యాసంస్థలు పెట్టుకునే హక్కు ఇచ్చినది 30వ అధికరణం. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒప్పందంలో మైనారిటీ పిల్లలకు తమ భాష వాడుకునే హక్కు చెప్పినది కూడా 30వ అధికరణమే. కాకతాళీయమే గానీ, గుర్తుపెట్టుకోవడానికి బాగుంటుంది. అదే ఒప్పందంలో కాందిశీక పిల్లల గురించి 22వ అధికరణం చెబుతుంది. భారత్ ఈ ఒప్పందంలో 1992లో చేరింది. 1951 నాటి కాందిశీకుల ఒప్పందంలో మాత్రం మన దేశం చేరలేదు.

నాలుగోది కాగితాలు, సంరక్షణ. అనాథలు అని జాబితాలో ఉన్న పిల్లలందరూ అనాథలు కారు. సోవియట్ దేశం నుంచి బయటపడటానికి వేరే దారి లేక, తల్లులే పిల్లలను అనాథాశ్రమంలో వదిలి, వీళ్ళయినా బతకనీ అనుకున్నారు. ఆ తల్లి తర్వాత వెతుక్కుంటూ వస్తే పిల్లవాడి పేరు, పుట్టిన ఊరు ఎక్కడో ఒకచోట సరిగ్గా రాసి ఉండాలి. యుద్ధం అయ్యాక ఇంకో చిక్కు వచ్చింది. 1945లో తూర్పు పోలండ్ సోవియట్ చేతికి పోయింది. బ్రిటన్ లండన్‌లోని ప్రవాస ప్రభుత్వాన్ని వదిలి వార్సాలోని కొత్త ప్రభుత్వాన్ని గుర్తించింది. పిల్లలను పంపించమని ఒత్తిడి వచ్చింది. పంపాలంటే ఎక్కడికి? వాళ్ళ ఊరు ఇప్పుడు పోలండ్‌లోనే లేదు. బాలాచడి అనాథల విషయంలో జామ్ సాహెబ్, శిబిరం పెద్ద ఫాదర్ ప్లూటా, ఒక బ్రిటిష్ అధికారి కలిసి చట్టప్రకారం సంరక్షకులుగా నిలబడి, బలవంతంగా పంపకుండా ఆపారు. బాలాచడి 1946లో మూతపడి పిల్లలు వళివడెకు చేరారు. 1948కల్లా వళివడె కూడా ఖాళీ అయింది. కొందరు పోలండ్‌కు, ఎక్కువ మంది బ్రిటన్‌కు, మిగతావాళ్ళు వేరే దేశాలకు పోయారు. ఖాళీ అయిన చోటికి దేశ విభజనలో ఇల్లు పోగొట్టుకున్న సింధీలు వచ్చారు. ఇప్పుడు టోకు బట్టల బజారుగా మనకు తెలిసిన గాంధీనగర్ అదే. కొల్హాపూర్ మహావీర్ గార్డెన్‌లో పోలండ్ వాళ్ళ స్మారక స్తంభం ఉంది. బాలాచడిలో ఆ స్థలంలో సైనిక్ స్కూల్ నడుస్తోంది. వార్సాలో మంచి మహారాజు పేరుతో ఒక కూడలి ఉంది.

ఇంత మంచిగా చెప్పుకున్నాక రెండో వైపు కూడా చూడాలి. అదే 1942లో జపాన్ సేనలు రంగూన్‌లోకి వచ్చినప్పుడు బర్మా నుంచి దాదాపు 5 లక్షల మంది భారతీయులు పారిపోయి వచ్చారు. వాళ్ళలో రేవుల్లో, బియ్యం మిల్లుల్లో పనిచేసే తెలుగువాళ్ళు వేల మంది. యానాం దగ్గరి కోరంగి రేవు పేరు మీదనే బర్మాలో తెలుగువాళ్ళను కోరంగీలు అనేవాళ్ళు. అరకాన్, మణిపూర్ కొండదారుల్లో నడుస్తూ వేల మంది చనిపోయారు, పిల్లలతో సహా. దారుల్లో కూడా తెల్లవాళ్ళకు ఒక న్యాయం, కూలీలకు ఒక న్యాయం నడిచింది. ప్రాణాలతో చేరిన ఆ పిల్లల కోసం వళివడె లాంటిది ఏదీ కట్టలేదు. 1943లో బెంగాల్ కరువులో 20 నుంచి 30 లక్షల మంది పోయారు. పోలండ్ పిల్లలకు చేసినది తప్పని ఎవరూ అనరు. కాకపోతే వాళ్ళ వెనక ఖర్చు భరించే ఒక ప్రభుత్వం, బొంబాయిలో ఒక కాన్సల్ ఆఫీసు, మాట చెల్లే ఒక రాజు ఉన్నారు. కోరంగీ కూలీ పిల్లవాడి వెనక ఎవరున్నారు? అవసరం ఎక్కువ ఉన్న చోటికి కాకుండా అడిగే గొంతు ఉన్న చోటికి సాయం ముందు చేరడం ఇప్పటికీ ఉన్న జబ్బే.

దీన్ని ఎదిరించడానికే కొన్ని సంస్థలు పుట్టాయి. 1919లో లండన్‌లో ఎగ్లంటైన్ జెబ్ అనే ఆవిడ ఆకలితో ఉన్న ఆస్ట్రియా పిల్లల ఫోటో ఉన్న కరపత్రాలు పంచి అరెస్టయింది. అప్పటికి ఆస్ట్రియా శత్రుదేశం. కోర్టు 5 పౌండ్ల జరిమానా వేస్తే, ఆమెకు ఎదురుగా వాదించిన ప్రభుత్వ లాయరే ఆ 5 పౌండ్లు ఇచ్చాడట. సేవ్ ద చిల్డ్రన్ సంస్థ ఆ ఏడాదే మొదలైంది. మన దేశంలో దాని పేరు ఇప్పుడు బాల రక్షా భారత్. యూనిసెఫ్ 1946 డిసెంబర్ 11న పుట్టింది, గెలిచిన దేశం, ఓడిన దేశం అని చూడకుండా పిల్లలకు సాయం చేయాలన్న ఉద్దేశంతో.

మన బళ్ళల్లో కూడా యుద్ధ బాధిత పిల్లల కోసం అప్పుడప్పుడు చందాలు పోగుచేస్తుంటారు. ఇచ్చే ముందు తల్లిదండ్రులు, పై తరగతుల పిల్లలు కొన్ని విషయాలు అడగాలి. ఆ సంస్థ అక్కడ నిజంగా పనిచేస్తున్నదా, లెక్కలు బయట పెడుతున్నదా, రసీదు ఇస్తున్నదా. పాత బట్టలు, బొమ్మలు పంపడం కంటే డబ్బు పంపడం మేలు. మూటలు విప్పి ఏరి పంచడానికే అక్కడివాళ్ళ సమయమంతా పోతుంది. ఫోన్లలో తిరిగే ఫోటో కింద ఉన్న ఖాతా నంబరుకు పంపొద్దు, సంస్థ సొంత వెబ్‌సైట్‌లోనే చూసుకోండి. యుద్ధంలో తల్లిదండ్రులు పోయిన పిల్లలను దత్తత ఇస్తాం అని ఎవరైనా సందేశం పంపితే అస్సలు నమ్మొద్దు. ముందు పిల్లవాడి బంధువులను వెతకాలి, గొడవ సద్దుమణగకముందు దత్తత ఇవ్వకూడదు అన్నది ఇప్పుడు అన్ని పెద్ద సంస్థలూ పాటించే నియమం. వెతికే పని రెడ్‌క్రాస్ చేస్తుంది, దానికి ఎవరూ ఫీజు కట్టక్కర్లేదు.