మనోవ్యాధికి మందు లేదా? మన అవ్వాతాతల దిగులు వెనుక చరిత్ర

కంబైనల్లూరులోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ ఉన్న మన తెలుగు కుటుంబాల చరిత్ర అనగానే వలసలు, గుళ్ళు, ఇంటిపేర్లు గుర్తొస్తాయి. ఈసారి ఇంటి లోపలి చరిత్ర ఒకటి చెప్పుకుందాం. అది మన పెద్దవాళ్ళ దిగులు చరిత్ర. కొంచెం పొడుగే, ఓపిగ్గా చదవండి.

“మనోవ్యాధికి మందు లేదు” అని మన సామెత. దిగులు, చింత, విచారం, బెంగ అని మాటలు మాత్రం బోలెడున్నాయి. అందులో బెంగ అనే మాట చూడండి. మనిషి దూరమైతే తిండి సయించక, నిద్రపట్టక చిక్కిపోవడాన్ని ఆ ఒక్క మాటలో చెప్పేశారు. అంటే జబ్బు, దాని కారణం రెండూ మనవాళ్ళకు తెలుసు. అయితే దాన్ని వైద్యుడి దాకా తీసుకెళ్ళాలని మాత్రం ఎవరికీ తోచలేదు.

తోచినా వెళ్ళే చోటు లేదు. 1792లో టిప్పు సుల్తాన్ ఓడి శ్రీరంగపట్నం ఒప్పందం చేసుకోవడంతో మన బారామహల్ సీమ కంపెనీ చేతికి పోయింది. అలెగ్జాండర్ రీడ్, థామస్ మన్రో వచ్చి భూములు కొలిచి శిస్తు కట్టారు. రెండేళ్ళకు, 1794లో, మద్రాసులో వాలెంటైన్ కొనోలీ పిచ్చాసుపత్రి పెట్టాడు. 1871లో ప్రభుత్వ ఆసుపత్రి కీల్పాక్‌లో మొదలైంది. అవన్నీ అరిచేవాళ్ళకు, ఇల్లు విడిచి తిరిగేవాళ్ళకు. గోడవైపు తిరిగి పడుకుని ముద్ద వద్దనే ముసలవ్వను ఎవరు తీసుకెళ్తారు? “వయసైపోయింది, అంతే” అనేవాళ్ళు. ఇప్పటికీ అంటున్నాం.

ఆ మాట తప్పని లెక్కలతో చూపించినవాళ్ళలో మన రాష్ట్రం డాక్టరే ముందున్నారు. మదురై వైద్య కళాశాలలో పనిచేసిన డాక్టర్ ఎ. వెంకోబారావు, డాక్టర్ మాధవన్‌తో కలిసి మదురై దగ్గర ఒక చిన్న ఊళ్ళో అరవై దాటినవాళ్ళను పరీక్షించి 1982లో ఫలితాలు ప్రచురించారు. వెయ్యి మందిలో 89 మందికి ఏదో ఒక మానసిక జబ్బు, అందులో 60 మందికి డిప్రెషన్ ఉందని తేలింది. వీధికి ఒకరో ఇద్దరో అనుకోండి. ఉమ్మడి కుటుంబం ఉంది కాబట్టి మన పెద్దలకు ఏ బాధా లేదనే నమ్మకం అక్కడే సడలింది. ఒకే కప్పు కింద ఉన్నంత మాత్రాన చాలదు, ఇంటి మాటల్లో, నిర్ణయాల్లో పెద్దవాళ్ళకు చోటుండాలి.

అదే కాలంలో చెన్నై జనరల్ ఆసుపత్రిలో డాక్టర్ వి.ఎస్. నటరాజన్ 1978లో వృద్ధులకంటూ విడిగా ఓపీ మొదలుపెట్టారు. ముసలితనం వేరు, జబ్బు వేరు అని ఒక ప్రభుత్వ ఆసుపత్రి ఒప్పుకోవడం అది. అంతకు ముందే 1962లో మద్రాసు రాష్ట్రం దిక్కులేని వృద్ధులకు నెలకు 20 రూపాయల పింఛను తెచ్చింది. అదీ ఈ చరిత్రలో భాగమే. చేతిలో పైసా లేక ప్రతిదానికీ కొడుకునో కోడలినో అడగాల్సి రావడం కూడా మనిషిని కుంగదీస్తుంది.

ఇక మన వైపు చూద్దాం. వానలు తక్కువ, బావులు ఎండాయి. పిల్లలు బెంగళూరుకు, తిరుప్పూరుకు పనికి పోయారు. నీళ్ళలోని ఫ్లోరైడ్ మన జిల్లాలో ఎందరికో ఎముకలు, కీళ్ళు పాడుచేసింది. హొగెనకల్ నీళ్ళు 2013లో వచ్చాయి గానీ అప్పటికే వంగిన నడుములు నిటారు కాలేదు. నొప్పితో గడప దాటలేనివాళ్ళు నలుగురిలోకి ఎలా వస్తారు?

భాష సంగతి మరొకటి. 2006 చట్టంతో బడిలో తమిళం మొదటి భాషగా తప్పనిసరి అయింది. తమిళం మన ఊరి భాష, దాని మీద మనకు కోపం లేదు. కానీ చాలా ఇళ్ళల్లో మనవళ్ళకు తెలుగు చదవడం రాదు, మాట్లాడటం కూడా తగ్గింది. అవ్వ తెలుగులో అడిగితే మనవడు తమిళంలో రెండు ముక్కలు చెప్పి ఫోన్ చూసుకుంటాడు. సొంత ఇంట్లోనే సొంత భాషలో పలికేవాళ్ళు లేకపోవడం ఎలాంటి ఒంటరితనమో మనకు వేరే చెప్పక్కర్లేదు.

దేశం మొత్తం మీద 2017-18లో జరిగిన లాసీ సర్వేలో అరవై దాటినవాళ్ళలో నూటికి 8.3 మందికి డిప్రెషన్ లక్షణాలు కనిపించాయి. డాక్టరు ఆ మాట చెప్పినట్టు తెలిసినవాళ్ళు మాత్రం నూటికి ఒక్కరు కూడా లేరు. మిగతావాళ్ళు ఏమంటారు? నిద్ర లేదంటారు, ఆకలి లేదంటారు, ఒళ్ళంతా నొప్పులంటారు. మనం నొప్పి మాత్ర కొనిస్తాం.

మరి రాకుండా ఆపొచ్చా? గోవాలో డాక్టర్ అమిత్ డయాస్, విక్రమ్ పటేల్ బృందం ఇదే పరీక్షించింది. అప్పుడే దిగులు మొదలవుతున్న 181 మంది పెద్దవాళ్ళను తీసుకున్నారు. శిక్షణ పొందిన మామూలు మనుషులు, డాక్టర్లు కారు, సగం మందితో కూర్చుని మాట్లాడారు. ఉన్న సమస్యను ముక్కలు చేసి ఒక్కొక్కటే తీర్చుకోవడం, నిద్ర సరిచేసుకోవడం, షుగరు జాగ్రత్తలు, పింఛను వంటివి అందేలా సాయం, ఇంతే. ఏడాదిలో ఈ సాయం అందిన 91 మందిలో నలుగురికే డిప్రెషన్ వచ్చింది. అందని 90 మందిలో 13 మందికి వచ్చింది. 2019లో ఈ ఫలితాలు ప్రచురించారు. సామెత ఓడిపోయింది.

ఆఫ్రికాలోని జింబాబ్వేలో 2006లో డాక్టర్ డిక్సన్ చిబాండా 14 మంది అవ్వలకు శిక్షణ ఇచ్చి, బెంచీ మీద కూర్చుని జనం బాధలు వినే పని అప్పగించాడు. మన అవ్వలూ ఊరికి పనికొచ్చే మనుషులే.

పక్క కృష్ణగిరి జిల్లా సామనపల్లిలోనే 2021 ఆగస్టు 5న ‘మక్కళై తేడి మరుత్తువం’ పథకం మొదలైంది. బీపీ, షుగరు మందులు ఇంటికే వస్తున్నాయి. మందు ఇంటికి వచ్చినప్పుడు మాట కూడా రావాలి. అది ప్రభుత్వం చేయలేదు, మనమే చేయాలి.

మన సంఘం ముందు పెడుతున్న నాలుగు పనులు ఇవి.

1. ఒంటరిగా ఉంటున్న పెద్దవాళ్ళ పేర్లు వీధివారీగా రాసుకుందాం. వారానికి ఒకసారి ఒక యువకుడో యువతో వెళ్ళి అరగంట తెలుగులో మాట్లాడి రావాలి.

2. కంటి పొర, చెవుడు ఉన్నవాళ్ళను పరీక్షకు తీసుకెళ్దాం. చూపు, వినికిడి పోతే మనిషి నలుగురిలోకి రావడం మానేస్తాడు.

3. పెళ్ళి పాటలు, ఇంటిపేర్ల కథలు, పాత వంటలు చెప్పించి ఫోన్‌లో రికార్డు చేద్దాం. అడిగేవాళ్ళుంటే చెప్పడానికి వాళ్ళు లేచి కూర్చుంటారు.

4. రెండు వారాలకు పైగా తిండి, నిద్ర, ఆసక్తి తగ్గితే డాక్టరుకు చూపిద్దాం. థైరాయిడ్, బి12 లోపం వల్లా, కొన్ని మందుల వల్లా కూడా అలా ఉంటుంది. “పోతే బాగుండు” అన్న మాట వినిపిస్తే ముసలి గొణుగుడని వదిలేయొద్దు. వాళ్ళ పక్కనే ఉండి టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, రాత్రీ పగలూ పలుకుతారు.

మన పెద్దవాళ్ళు వందల ఏళ్ళుగా ఈ సీమలో తెలుగును ఇంట్లో నిలబెట్టారు. ఆ తెలుగులోనే రోజుకొకసారి “తిన్నావా అవ్వా? నిద్రపట్టిందా?” అని అడగడం మన బాకీ. మీ వీధిలో ఎవరున్నారో కింద కామెంట్లలో వద్దు, సంఘం పెద్దలకు విడిగా చెప్పండి. వచ్చే ఆదివారం నుంచే మొదలుపెడదాం.