డేరాలో వెండితెర

మచిలీపట్నంలో పుట్టిన రఘుపతి వెంకయ్య మద్రాసులో ఫొటో స్టూడియో నడిపేవారు. 1910 ప్రాంతంలో క్రోనోమెగాఫోన్ అనే యంత్రం కొని, డేరా వేసి ఊరూరా బొమ్మలాడించారు. బర్మా, సిలోన్ కూడా తిరిగొచ్చారు. 1914లో మద్రాసులో గెయిటీ థియేటర్ కట్టారు. 1921లో బెజవాడలో మారుతీ సినిమా హాలు వెలిసింది.

పల్లెలకు మాత్రం చాలాకాలం టూరింగ్ టాకీసే దిక్కు.

చీకటి పడితేనే ఆట. ఘంటసాల పాడిన వెంకన్న పాట మైకులో మోగిందంటే టికెట్లు ఇస్తున్నట్టే. నేల టికెట్టువాళ్లు ఇసుకను గుట్టగా పోగేసి, దానిమీద ఎత్తుగా కూర్చునేవారు. వెనక బెంచీ, ఆపైన కుర్చీ. ప్రొజెక్టర్ ఒక్కటే కావడంతో రీలు మార్చినప్పుడల్లా లైట్లు వెలిగేవి. ఆ సందులో సోడాలు, వేరుశెనక్కాయలు అమ్ముడుపోయేవి.

ఊళ్లలో పక్కా హాళ్లు లేచాక, 1980లలో టీవీలు వచ్చాక డేరాలు ఒక్కొక్కటిగా ఎత్తేశారు. ఆ ఇసుకలో కూర్చుని ‘మాయాబజార్’ తొలిసారి చూసినవాళ్లకు ఏ మల్టీప్లెక్సూ ఆ సంబరం ఇవ్వలేదు.