పాలు తాగే బిడ్డకు అన్నం ఎప్పుడు మొదలుపెట్టాలి?

బిడ్డకు నాలుగో నెల నడుస్తోంది. రాత్రి రెండుమూడు సార్లు లేచి ఏడుస్తోంది. "నీ పాలు సరిపోవట్లేదమ్మా, కాస్త ఉగ్గు పట్టు" అంటుంది దాదీ. "పళ్లు రానీ, అప్పుడు చూద్దాం, తొందరేముంది" అంటుంది నానీ. టీకాలేసే ఏఎన్‌ఎమ్ వచ్చి "ఆరు నెలల దాకా చుక్క నీళ్లు కూడా వద్దు" అని చెప్పి వెళ్తుంది. ముగ్గురూ బిడ్డ మేలు కోరేవాళ్లే. మధ్యలో నలిగేది తల్లి. విజయవాడ వించిపేటలో అయినా, బందరులో అయినా, గుడివాడ పక్క పల్లెలో అయినా దాదాపు ప్రతి ఇంట్లో ఈ మాట నడుస్తూనే ఉంటుంది. అందుకే ఈ విషయంలో వైద్యులు ఏం చెబుతున్నారో, ఎందుకు చెబుతున్నారో ఒకచోట చూద్దాం.

సూటిగా జవాబు

నెలలు నిండి పుట్టి, ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు మొదటి ఆరు నెలలు తల్లిపాలు ఒక్కటే చాలు. ఆరు నెలలు, అంటే 180 రోజులు నిండగానే మెత్తని ఆహారం మొదలుపెట్టాలి. తల్లిపాలు మాత్రం ఆపకూడదు. రెండేళ్లు, కుదిరితే ఆ పైన కూడా ఇవ్వొచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001 నుంచి చెబుతున్నది ఇదే. మన దేశంలో 2016లో మొదలైన 'మా' కార్యక్రమం చెప్పేదీ ఇదే.

ఇక్కడ లెక్కలో ఒక పొరపాటు జరుగుతుంటుంది. "ఆరో నెల పడింది" అంటే అయిదు నెలలే నిండాయని అర్థం. మనకు కావాల్సింది ఆరు నెలలు నిండడం, ఏడో నెల మొదలవడం. చాంద్ నెలల్లో లెక్క వేసుకునే ఇళ్లలో కంగారేం అక్కర్లేదు. ఆరు చాంద్ నెలలంటే దాదాపు 177 రోజులు. నాలుగైదు రోజుల తేడాతో ఏమీ కాదు.

ఆరు నెలలే ఎందుకు?

మొదటి కారణం ఇనుము. బిడ్డ కడుపులో ఉన్నప్పుడే తల్లి నుంచి కొంత ఇనుము దాచుకుని పుడుతుంది. ఆ నిల్వ సుమారు ఆరు నెలల దాకా వస్తుంది. తల్లిపాలలో ఇనుము తక్కువ. ఉన్నది ఒంటికి బాగా పట్టినా, ఆరు నెలల తర్వాత పెరిగే బిడ్డకు అది చాలదు. మెదడు వేగంగా ఎదిగే వయసులో ఇనుము తగ్గితే ఆ నష్టం పూడ్చడం కష్టం.

రెండోది శక్తి. ఆరు నుంచి ఎనిమిది నెలల బిడ్డకు తల్లిపాలతో పాటు రోజుకు సుమారు 200 కేలరీలు ఆహారం నుంచి రావాలి. తొమ్మిది నుంచి పదకొండు నెలల్లో 300, ఏడాది దాటాక 550 దాకా కావాలి. అయినా మొదటి ఏడాది నిండే దాకా బిడ్డ శక్తిలో సగం, ఆ పైన కూడా తల్లిపాల నుంచే వస్తుంది. కాబట్టి అన్నం మొదలుపెట్టడమంటే పాలు మాన్పించడం కాదు.

మూడోది బిడ్డ తయారుగా ఉండడం. మెడ నిలబెట్టి, మింగడం నేర్చే వయసు దాదాపు అప్పటికే వస్తుంది.

తొందరపడితే, ఆలస్యం చేస్తే

మూడు నాలుగు నెలలకే ఉగ్గు, డబ్బా పిండి, ఆవుపాలు పట్టేస్తే బిడ్డ కడుపు వాటితో నిండిపోతుంది, తల్లి దగ్గర తాగడం తగ్గుతుంది. బిడ్డ తాగేది తగ్గితే తల్లికి పాలు పడడమూ తగ్గుతుంది. పైగా నీళ్లు, గిన్నె, సీసా ద్వారా విరేచనాలు తెచ్చే క్రిములు చేరతాయి.

ఆలస్యం చేసినా నష్టమే. దీని మీద మన ఇళ్లలో చర్చ తక్కువ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఆరు నెలల లోపు పిల్లల్లో 63.7 శాతం మందికి తల్లిపాలు మాత్రమే ఇస్తున్నారు. ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లల్లో తల్లిపాలతో పాటు ఆహారం అందుతున్నది 45.9 శాతం మందికే. అంటే సగానికి పైగా పిల్లలకు సమయానికి అన్నం అందడం లేదు. అదే సర్వేలో ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు పిల్లల్లో రక్తహీనత ఉన్నవాళ్లు దేశంలో 67.1 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 63.2 శాతం.

యూరప్ పిల్లల వైద్యుల సంఘం 2017లో ఇచ్చిన సలహాలో నాలుగు నెలలు (17 వారాలు) నిండకుండా మొదలుపెట్టొద్దని, ఆరు నెలలు (26 వారాలు) దాటనివ్వొద్దని ఉంది. ఇంటర్నెట్‌లో "నాలుగు నెలలకే పెట్టొచ్చు" అని కనిపించేది ఇందువల్లే. నీళ్ల శుభ్రత మీద భరోసా లేని మన దగ్గర మాత్రం ఆరు నెలలు ఆగడమే మేలు. బరువు పెరగడం లేదు వంటి కారణం ఉండి డాక్టర్ ముందే మొదలుపెట్టమంటే అది వేరే సంగతి.

గుర్తులు ఏవి, కానివి ఏవి?

ఆరు నెలల దగ్గర ఈ గుర్తులు చూడండి. కాస్త ఆసరా ఇస్తే కూర్చుంటుంది, మెడ నిలబెడుతుంది. చేతికి అందింది పట్టుకుని నోట్లో పెట్టుకుంటుంది. మీరు తింటుంటే అటే చూస్తూ నోరు తెరుస్తుంది. చెంచా పెడితే నాలుకతో బయటికి తోసేయకుండా మింగుతుంది.

కొన్నింటిని మనం గుర్తులనుకుంటాం, కానీ కావు. రాత్రి లేచి ఏడవడం ఒక్కటే ఆకలికి గుర్తు కాదు. నాలుగో నెలలో చాలామంది పిల్లల నిద్ర చెదురుతుంది. వేళ్లు చీకడం కూడా ఆ వయసులో మామూలే. పళ్లు రావడానికీ, అన్నం పెట్టడానికీ సంబంధం లేదు. మెత్తగా చిదిమిన అన్నాన్ని బిడ్డ చిగుళ్లతోనే నమలగలదు. బిడ్డ బొద్దుగా ఉందా, సన్నగా ఉందా అన్నది కూడా లెక్క కాదు.

పాలు సరిపోతున్నాయా అన్న అనుమానం ఉంటే రెండు చూడండి. రోజుకు ఆరుసార్లు, ఆ పైన మూత్రం పోస్తోందా? తల్లీబిడ్డల కార్డులో బరువు గీత పైకి వెళ్తోందా? రెండూ సరిగ్గా ఉంటే పాలు సరిపోతున్నట్టే.

ఎండాకాలం, వరద: నీళ్ల సంగతి

మే నెలలో బెజవాడ ఎండలు తెలిసినవే. "గొంతు ఎండిపోతుంది పాపం, రెండు చెంచాల నీళ్లు పట్టు" అనిపించడం సహజం. కానీ తల్లిపాలలో దాదాపు 88 శాతం నీళ్లే. ఎంత ఎండలోనైనా ఆరు నెలల లోపు బిడ్డకు విడిగా నీళ్లు అక్కర్లేదు. ఇంకో రెండుసార్లు పాలిస్తే చాలు. నీళ్లు బాగా తాగాల్సింది తల్లి. చక్కెర నీళ్లు, గ్రైప్ వాటర్, ఘుట్టీ కూడా వద్దు. డాక్టర్ రాసిన మందులు, విటమిన్ చుక్కలు, ఓఆర్‌ఎస్ మాత్రం ఇవ్వొచ్చు.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్, చుట్టుపక్కల కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అలాంటప్పుడు మరిగించిన నీళ్లు, కడిగిన సీసా ఎక్కడి నుంచి వస్తాయి? వరదలో పసిబిడ్డకు అన్నిటికంటే నమ్మకమైన ఆహారం తల్లిపాలే. సాయం చేసేవాళ్లు పాలడబ్బాలు పంచేకంటే ముందు తల్లికి అన్నం, నీళ్లు, కూర్చుని పాలివ్వడానికి చాటు చూపించడం మేలు.

ఏం పెట్టాలి? ఎంత పెట్టాలి?

మన ఉగ్గు మంచిదే, కాకపోతే సమయానికి పెట్టాలి. మూడు వంతుల బియ్యం, ఒక వంతు పెసరపప్పు కడిగి, ఆరబెట్టి, దోరగా వేయించి రవ్వలా పట్టించుకోండి. దాన్ని మెత్తగా ఉడికించి చిన్న చెంచా నెయ్యి గానీ నూనె గానీ కలపండి. చెంచా వంచితే నీళ్లలా జారిపోకూడదు, చెంచాకు అంటుకుని ఉండాలి. బిడ్డ పొట్టలో ఒకసారికి పట్టేది కిలో బరువుకు సుమారు 30 మిల్లీలీటర్లు. ఏడు కిలోల బిడ్డకు 210 మిల్లీలీటర్లే. అంత చిన్న పొట్టను పప్పు కట్టు, గంజి, సగ్గుబియ్యం జావతో నింపితే బలం ఎక్కడిది?

మొదట రోజుకు రెండుసార్లు, రెండు మూడు పెద్ద చెంచాలు చాలు. ఎనిమిది నెలలు వచ్చేసరికి రెండు మూడుసార్లు, 250 మిల్లీలీటర్ల గిన్నెలో సగం దాకా పెంచండి. తొమ్మిది నెలల నుంచి మూడు నాలుగు సార్లు సగం గిన్నె, మధ్యలో అరటిపండు ముక్క లాంటిది. ఏడాది దాటాక ముప్పావు గిన్నె నుంచి నిండు గిన్నె.

ఒక్క ఉగ్గు దగ్గరే ఆగొద్దు. అరటిపండు, బొప్పాయి, ఉడికించిన క్యారెట్, చిలగడదుంప, గుమ్మడికాయ, ఆకుకూర కలిపిన కిచిడీ, రాగి జావ ఒక్కోటిగా అలవాటు చేయండి. మాంసాహారం తినే ఇళ్లలో దాన్ని ఏడాది దాకా ఆపాల్సిన పని లేదు. పూర్తిగా ఉడికిన గుడ్డు, పచ్చసొనతో పాటు తెల్లసొన కూడా, మెత్తగా ఉడికించి నూరిన కైమా, వారానికోసారి చిన్న కలేజీ ముక్క, ముల్లు మొత్తం తీసిన చేప ఏడో నెల నుంచే పెట్టొచ్చు. ఇనుము బాగా ఒంటికి పట్టేది వీటి నుంచే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 సలహాల్లో గుడ్డు, చేప, మాంసం లాంటిది రోజూ ఉండాలని ఉంది. విడిగా వంట అక్కర్లేదు. ఉప్పు, కారం వేయకముందే బిడ్డ వాటా పక్కకు తీయండి.

గుడ్డు, వేరుశనగ ఆలస్యంగా పెడితే అలర్జీ రాదని ఒకప్పుడు అనుకునేవారు. 2015లో వచ్చిన బ్రిటన్ పరిశోధన దీనికి తలకిందులుగా తేల్చింది. అలర్జీ భయం ఎక్కువున్న పిల్లల్లో కూడా వేరుశనగ త్వరగా పెట్టినవాళ్లకే అలర్జీ తక్కువ వచ్చింది. అందుకని మెత్తటి ముద్దగా, జావలో కలిపి కొంచెంగా మొదలుపెట్టొచ్చు. గజ్జి లాంటి చర్మ సమస్య ఎక్కువగా ఉన్న బిడ్డకైతే ముందు డాక్టర్‌ను అడగండి.

పెట్టే తీరు కూడా ముఖ్యమే. కాళ్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, ముక్కు మూసి ఉగ్గుగిన్నెతో నోట్లో పోయడం ప్రమాదం. ఊపిరితిత్తుల్లోకి పోతుంది. బిడ్డను కూర్చోబెట్టి, చెంచాతో, కళ్లలోకి చూస్తూ పెట్టండి. మొహం తిప్పేస్తే ఆపండి. ఒక రుచి ఈ రోజు ఉమ్మేసినా మళ్లీ మళ్లీ పెడుతుంటే అలవాటవుతుంది. ముందు సబ్బుతో చేతులు కడుక్కోవడం మాత్రం మరవొద్దు.

ఏడాది లోపు వద్దనేవి

తేనె అసలు వద్దు, నాకించడం కూడా వద్దు. అందులో ఉండే ఒక రకం క్రిమి బీజాలు పసిపిల్లల పేగుల్లో విషం తయారుచేసి కండరాలను చచ్చుబడేలా చేయగలవు. కాచినా ఆ బీజాలు చావవు. విడిగా ఉప్పు, చక్కెర, బెల్లం వద్దు. తాగడానికి ఆవుపాలు, గేదెపాలు ఏడాది దాటాకే. కాస్త పెరుగు ఫర్వాలేదు. టీ, బిస్కెట్లు అలవాటు చేయొద్దు. గుండు వేరుశనగ, బాదం, ద్రాక్షపండు, పాప్‌కార్న్ లాంటివి గొంతుకు అడ్డం పడతాయి. అయిదేళ్ల దాకా అలాగే ఇవ్వొద్దు.

మన ఆచారాలు, ఈ సలహా

పుట్టగానే చేసే తహ్నీక్‌కు ఖర్జూరం వాడడమే సున్నత్. మెత్తని ఖర్జూరం అతి కొంచెం అంగిలికి రాయడం వేరు, తేనె నాకించడం వేరు. చేతులు శుభ్రంగా కడుక్కుని చేయండి. అనుమానం ఉంటే ముందే డాక్టర్‌ను అడగండి. ఆ తర్వాత బిడ్డకు అందాల్సింది ముర్రుపాలే. ఖీర్ చటాయించే అలవాటున్న ఇళ్లలో ఆ ముచ్చట ఆరు నెలలు నిండాక పెట్టుకుంటే సరిపోతుంది.

సూరహ్ బఖరహ్ 233వ ఆయత్‌లో రెండేళ్ల పాల ప్రస్తావన ఉంది. అంతకుముందే మాన్పించాలనుకుంటే తల్లిదండ్రులిద్దరూ సంప్రదించుకుని, ఇద్దరి ఇష్టంతో చేయాలని కూడా అక్కడే ఉంది. అంటే ఈ విషయంలో తండ్రికి కూడా బాధ్యత ఉంది. పాలిచ్చే తల్లికి తన ఆరోగ్యం గురించో బిడ్డ గురించో భయం ఉంటే రంజాన్ రోజాలు తర్వాత పెట్టుకునే వెసులుబాటు ఉంది. మీ ఆలిమ్‌నీ, డాక్టర్‌నీ అడిగి నిర్ణయించుకోండి.

సర్కారు నుంచి ఏం అందుతుంది?

అంగన్‌వాడీలో ఏడో నెల నుంచి మూడేళ్ల లోపు పిల్లలకు బాలామృతం ఇస్తారు. అది బిడ్డ వాటా, ఇంట్లో అందరూ పంచుకునేది కాదు. అందులో చక్కెర ఉంటుంది, మళ్లీ కలపొద్దు. ఆరు నెలల నుంచి అయిదేళ్ల దాకా వారానికి రెండుసార్లు ఒక్కో మిల్లీలీటర్ ఐరన్ సిరప్ కూడా ఇస్తారు. ఆశా కార్యకర్తను అడగండి. తొమ్మిదో నెల తట్టు టీకాతో పాటు విటమిన్ ఎ మొదటి డోసు వేయించండి.

కంపెనీ ఉద్యోగం చేసే తల్లులకు 2017 చట్ట సవరణ నుంచి మొదటి ఇద్దరు బిడ్డలకు 26 వారాల జీతంతో సెలవు ఉంది. అది దాదాపు ఆరు నెలలు. కూలి పనులకు వెళ్లే తల్లికి ఆ సెలవు లేదు. ఆమె పిండి ఉంచిన పాలను గిన్నె, చెంచాతో బిడ్డకు పట్టడం ఇంట్లో ఉన్న దాదీ చేయగలిగిన పెద్ద సాయం.

డాక్టర్‌ను ఎప్పుడు కలవాలి?

నెలలు నిండకుండా పుట్టినా, పుట్టినప్పుడు 2.5 కిలోల కంటే తక్కువున్నా ఆరు నెలలు లెక్కపెట్టే తీరు, ఇనుము మందు మొదలుపెట్టే సమయం వేరుగా ఉంటాయి. ముందే అడగాలి. బరువు పెరగకపోయినా, వయసుకు తగ్గట్టు మెడ నిలవకపోయినా, తిన్న ప్రతిసారీ దగ్గు, పొలమారడం ఉన్నా చూపించండి. కొత్తది తిన్న వెంటనే పెదాలు వాచినా, ఒళ్లంతా దద్దుర్లు వచ్చినా, ఊపిరి అందకపోయినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

చివరగా ఒక మాట. ఈసారి టీకాకు వెళ్లేటప్పుడు దాదీనో నానీనో వెంట తీసుకెళ్లండి. బరువు గీత ఆమెకే చూపించి, ఏఎన్‌ఎమ్ నోటనే చెప్పించండి. ఉగ్గు చేయడం ఆమెకు తెలిసినంత బాగా మనకు తెలియదు. ఆరు నెలలు నిండాక మొదటి చెంచా ఆమె చేతే పెట్టించండి. ఇంట్లో గొడవ ఉండదు, బిడ్డకు సమయానికి అన్నం అందుతుంది ఇన్షా అల్లాహ్.