టోల్ హౌస్ వంటావిడ

రండర్రా, మంట దగ్గరికి జరిగి కూర్చోండి. ఈ చాక్లెట్ ముక్కల కుకీలు పొరపాటున పుట్టాయని నీకెవరు చెప్పార్రా, బడిలోనా? వంటావిడ చాక్లెట్ ముక్కలు పిండిలో వేసి కరిగిపోతాయనుకుందట, కరగలేదట. ఆ కథ నేనూ విన్నాను. నమ్మను.

ఆవిడ పేరు రూత్ వేక్‌ఫీల్డ్. మనముండే ఈ మసాచుసెట్స్‌లోనే, ఫ్రామింగ్‌హామ్‌లో వంటా ఇంటిపనుల చదువు చదివి 1924లో బయటికొచ్చింది. ఆ చదువే పిల్లలకు చెప్పింది, ఆసుపత్రిలో రోగులకు ఏం పెట్టాలో చూసింది. 1930లో, దేశమంతా పనుల్లేక అల్లాడుతున్న రోజుల్లో, మొగుడూ పెళ్ళాం కలిసి విట్‌మన్‌లో ఒక పాత ఇల్లు కొని టోల్ హౌస్ ఇన్ అని పూటకూళ్ళిల్లు తెరిచారు. అంత చేయి తిరిగిన మనిషికి చాక్లెట్ ముక్క ఎప్పుడు కరుగుతుందో తెలీదూ? ఐస్‌క్రీమ్‌తో పల్చటి గింజల కుకీ పెట్టేవాళ్ళం, అందరికీ నచ్చేది, అయినా కొత్తదేదైనా పెడదామని చూశానని తర్వాత ఆవిడే చెప్పింది. ఆడమనిషి ఆలోచించి చేసిన పనిని అదృష్టం ఖాతాలో వేస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

నెస్లే చాక్లెట్ దిమ్మని బఠాణీ గింజంత ముక్కలు కోసి వేసింది. ఆ కుకీ చేసే విధానం 1938లో ఆవిడ వంట పుస్తకంలో అచ్చయింది. మరుసటేడు నెస్లేవాళ్ళు కోసే పనిలేకుండా చాక్లెట్ గింజలే అమ్మడం మొదలెట్టారు. చేసే విధానం వాళ్ళ పొట్లం మీదే వేశారు. ఇంక అది ఏ ఇంటికి చేరదు?

మేం ఈ ఊరొచ్చిన కొత్తలో పక్కింట్లో ఒక ముసలావిడ ఉండేది. నాకు నేర్పింది ఆవిడే. రెండో ప్రపంచ యుద్ధానికి వెళ్ళిన తన అన్నకి వాళ్ళమ్మ రేకు డబ్బాలో కుకీలు పేర్చి, విరిగిపోకుండా సందుల్లో కాగితం ఉండలు కూరి పంపేదట. అప్పట్లో ఈ రాష్ట్రం కుర్రాళ్ళు పక్క సిపాయిలకి పంచితే, వాళ్ళు మాకూ పంపండని తమ ఇళ్ళకు రాసేవాళ్ళు. దేశం నలుమూలలా పాకింది అలాగే.

ఆ ముసలావిడ నాకు నేర్పుతూ బ్రౌన్ షుగర్ నా అరచేతిలో పోసింది. తడితడిగా వేళ్ళకంటుకుంది. వాసన చూద్దును కదా, అచ్చం మన కొత్త బెల్లం! అందులో చెరుకు మడ్డి ఉంటుంది. అది తడిని పోనివ్వదు, కుకీ నడుమ మెత్తగా ఉండేది అందుకే. తెల్ల పంచదార అంచుని కరకరలాడిస్తుంది. అదీ ఇదీ చెరి ముప్పావు కప్పు. ఉప్పు మాత్రం మానకండి, చాక్లెట్ తీపి తెలిసేది దానివల్లే. పిండిని ఒక రాత్రి చల్లగా ఉంచితే రుచి ఊరుతుంది, ఈ మాట రాసిపెట్టుకోండి.

రూత్ 1977లో పోయింది. అంతకు పదేళ్ళ ముందే ఆ పూటకూళ్ళిల్లు వేరేవాళ్ళ చేతికి వెళ్ళింది. 1984 డిసెంబరు ఆఖరి రాత్రి మంటలంటుకుని కాలిపోయింది. నాకు చాలా కష్టమనిపించింది, ఒక్కసారైనా అక్కడ కూర్చుని తిందామనుకునేదాన్ని.

అయితే తర్వాత ఏమైందో తెలుసా? సోమర్‌సెట్‌లో మూడో తరగతి పిల్లలు, అచ్చం నీ ఈడు వాళ్ళే, ఇది మన రాష్ట్రం కుకీ అని ప్రకటించమని అడిగారు. 1997లో ప్రభుత్వం సరేనంది.