5/20 నిబంధన: చవక విమానాలు సముద్రం దాటిన కథ

జీఎస్-3లో పౌర విమానయానం అనగానే మనలో చాలామంది ఉడాన్ పథకం దగ్గరే ఆగిపోతాం. కానీ చవక విమాన సంస్థలు విదేశాలకు ఎలా వెళ్లాయో చదివితే, ప్రభుత్వం పెట్టిన ఒక్క నిబంధన పోటీని ఎంతగా మలుస్తుందో తెలుస్తుంది.

1953లో విమానయానాన్ని జాతీయం చేశారు. 1994లో ఆ చట్టం రద్దయింది. 2003లో ఎయిర్ డెక్కన్ తక్కువ టికెట్టుతో మధ్యతరగతిని విమానం ఎక్కించింది. 2004 చివర్లో కేంద్రం షరతు పెట్టింది: దేశంలో అయిదేళ్లు నడిపిన అనుభవం, చేతిలో 20 విమానాలు ఉంటేనే విదేశీ అనుమతి. అప్పటికే అర్హత ఉన్న జెట్ ఎయిర్‌వేస్, సహారాలకు దారి దొరికింది. కొత్త సంస్థలు ఆగిపోయాయి. ప్రభుత్వ రంగంలోని ఎయిర్ ఇండియా మాత్రం 2005లో ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్‌ను పెట్టి కేరళ నుంచి గల్ఫ్‌కు నడిపింది.

నిబంధన ఉన్నచోట అడ్డదారీ ఉంటుంది. 2005లో పుట్టిన కింగ్‌ఫిషర్, తనకంటే ముందు పుట్టిన డెక్కన్‌ను కలుపుకుని 2008లోనే బెంగళూరు నుంచి లండన్‌కు ఎగిరింది. 2012లో ఆగిపోయింది. స్పైస్‌జెట్ అయిదేళ్లు ఆగి 2010లో కాఠ్‌మాండూ వెళ్లింది. 2006లో మొదలైన ఇండిగో కూడా గడువు నిండాక, 2011 సెప్టెంబరు 1న ఢిల్లీ-దుబాయ్ సర్వీసు ప్రారంభించింది.

అసలు పాఠం ఇక్కడ ఉంది. 5/20 తీసేయాలని విస్తారా, ఎయిర్ ఏషియా ఇండియా అడిగినప్పుడు, అదే నిబంధన కింద అయిదేళ్లు ఆగిన ఇండిగో, స్పైస్‌జెట్ వ్యతిరేకించాయి. గేటు దాటినవారికి గేటే రక్షణ అయింది. చివరకు 2016 విధానం అయిదేళ్ల షరతును తొలగించింది. 20 విమానాలు లేదా 20 శాతం సామర్థ్యం, ఏది ఎక్కువైతే అది దేశీయ సేవలకు కేటాయించాలంది.

మరి పోటీ పెరిగిందా? 2019లో జెట్, 2023లో గో ఫస్ట్ ఆగిపోయాయి. 2022లో ఎయిర్ ఇండియా టాటాల చేతికి వెళ్లింది. 2025 జులైలో ఇండిగో అద్దె బోయింగ్ 787తో ముంబయి-మాంచెస్టర్ మొదలుపెట్టింది. పోరు ప్రధానంగా ఈ రెండింటి మధ్యే మిగిలింది. దీనికి తోడు విదేశాలకు ఎన్ని సీట్లు నడపాలో ద్వైపాక్షిక ఒప్పందాలే తేలుస్తాయి.

కరీంనగర్ నుంచో కోనసీమ నుంచో గల్ఫ్‌కు వెళ్లే కార్మికుడికి ఇవేవీ తెలియకపోవచ్చు. కానీ అతని టికెట్టు ధరలో ఇవన్నీ ఉంటాయి. మెయిన్స్‌లో ఈ అంశం వస్తే, సంస్థల పేర్లతో పాటు "నిబంధన ఎవరిని కాపాడింది?" అన్న ప్రశ్నకూ జవాబు రాయండి.