దువా, దవా, గొలుసు

మైదుకూరులో మనసు బాగాలేని ఆడమనిషిని వెంటబెట్టుకుని ఎవరైనా కడప బస్సెక్కితే, పోతున్నది ఆస్పత్రికా, పెద్దదర్గాకా అన్నది చూసి చెప్పలేం. బీదరు నుంచి వచ్చిన పీరుల్లా హుస్సేనీ పరంపరలో వెలసిన ఆ అమీన్ పీర్ దర్గాకు హిందువులూ ముస్లింలూ కలిసే వెళ్తారు. దీన్ని మూఢనమ్మకమని కొట్టిపారేయడం చదువుకున్న మనకు తేలిక. చరిత్ర మాత్రం అంత తేలిగ్గా లేదు.

ఇస్లామీ సంప్రదాయంలో మనోవైద్యం ప్రార్థన దగ్గరే ఆగిపోలేదు. 934లో చనిపోయిన అబూ జైద్ అల్ బల్ఖీ, దేహానికి లాగే మనసుకూ జబ్బు చేస్తుందని రాశాడు. కారణం తెలిసిన దుఃఖాన్నీ, ఏ కారణమూ తెలియకుండా కమ్ముకునే దుఃఖాన్నీ వేరు చేసి చూపాడు. 1284లో కైరోలో సుల్తాన్ ఖలావూన్ కట్టించిన ఆస్పత్రిలో మతి చలించినవాళ్లకు విడిగా చోటుండేది.

ఖురాన్ నాలుగో అధ్యాయం పేరు 'నిసా', అంటే స్త్రీలు. తెలివి నిలకడ లేనివాళ్ల చేతికి ఆస్తి ఇవ్వకండి, కానీ వాళ్లకు తిండీ బట్టా ఇవ్వండి, మంచిగా మాట్లాడండి అంటుంది అందులోని ఐదో ఆయత్. అయితే తొలి వ్యాఖ్యాతల్లో కొందరు, ఆ తెలివిలేనివాళ్లంటే ఆడవాళ్లూ పిల్లలేనన్నారు. మరికొందరు దానికి ఒప్పుకోలేదు. ఆదరణా, అదుపూ ఒకే వాక్యంలోంచి ఎలా పుట్టుకొస్తాయో ఇక్కడ కనిపిస్తుంది.

దర్గా చుట్టూ కూడా ఈ రెండూ ఉన్నాయి. జాయిస్ ఫ్లూకిగర్ 2006లో తెచ్చిన పుస్తకం హైదరాబాదులో 'అమ్మ' అని అందరూ పిలిచే ఒక ముస్లిం స్త్రీ గురించి. ఆమె తన గదిలో కూర్చుని తాయెత్తులు రాసిచ్చేది. దగ్గరికొచ్చేవాళ్లలో హిందువులూ ఉండేవారు. మగవాళ్ల చేతుల్లో ఉండే ఈ విద్యలో ఒక ఆడమనిషి కూర్చుని సాటి ఆడవాళ్ల గోడు వినడం చిన్న విషయం కాదు. కోడలు తనకు దుఃఖంగా ఉందంటే ఇంట్లో వినేవారుండరు. గాలి సోకిందంటే మాత్రం ఇల్లంతా కదులుతుంది. ఆ మాట ఆమెను నింద నుంచి కాపాడుతుంది. అదే మాటతో ఆమె నోరూ మూయించొచ్చు.

మూయిస్తే ఏమవుతుందో ఏర్వాడి చూపించింది. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఆ దర్గా ఊళ్లో, ఒక ప్రైవేటు వసతిగృహానికి నిప్పంటుకుంది. గొలుసులతో కట్టేసి ఉండడంతో పారిపోలేక 28 మంది చనిపోయారు. అక్కడ ప్రాణం తీసింది దువా కాదు, గొలుసు. ఆ తేడాను గుర్తించినవాళ్లూ ఉన్నారు. గుజరాత్‌లోని మీరా దాతార్ దర్గాలో 2008లో 'దవా-దువా' మొదలైంది. ముజావర్లు రోగుల్ని దర్గాలోనే ఉన్న డాక్టరు దగ్గరికి పంపుతారు. దర్గాల్లో స్త్రీలకు దొరికే ఊరటను లెక్కలోకి తీసుకోవాలని భార్గవి దావర్, మధుర లోహోకరే 2009లో వాదించారు.

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో వచ్చి, 2018లో అమలైంది. గొలుసుల్ని అది నిషేధించింది. జబ్బు ముదిరినప్పుడు తనకు ఎలాంటి వైద్యం కావాలో, ఏది వద్దో ముందే రాసిపెట్టుకునే హక్కునిచ్చింది. మైదుకూరు నుంచి కడప బస్సెక్కే ఆడమనిషికి ఈ హక్కు సంగతి చెప్పేదెవరు? దర్గా ముందు దిగాలన్నా, ఆస్పత్రి ముందు దిగాలన్నా, ఎక్కడికి పోదామని మొదట ఆమెనే అడగాలి.