ఛత్తా బజార్‌లో అక్షరం కంప్యూటరెక్కిన కథ

పాతబస్తీలో పత్తర్‌గట్టీకీ పురానీ హవేలీకీ నడుమ ఛత్తా బజార్ ఉంది. హైదరాబాద్‌లో ఉర్దూ అచ్చుపనికి ఇది పాత అడ్డా. పెళ్ళి రుక్కాలు (శుభలేఖలు), మదరసా రసీదు పుస్తకాలు, జల్సా (సభల) పోస్టర్లు, ఎన్నికల కరపత్రాలు ఇక్కడ తయారవుతాయి. ఒకే కార్డు మీద ఉర్దూ, ఇంగ్లీషు, తెలుగు మూడూ వేయించుకునే కుటుంబాలు చాలానే ఉన్నాయి. ఈ వీధిలోనే కాదు, మన ఊళ్ళలో ఏ డీటీపీ సెంటర్‌కి వెళ్ళినా ఒక ఫిర్యాదు తప్పక వినిపిస్తుంది: "మా ఇంట్లో బాగానే కనపడింది, ఇక్కడ తెరిస్తే డబ్బాలొస్తున్నాయి."

చాలామంది దీన్ని వైరస్ అనుకుంటారు. విండోస్ మళ్ళీ వేయిస్తారు, లేకపోతే విసిగి మొత్తం మళ్ళీ టైపు చేయిస్తారు. అసలు కారణం వేరే చోట ఉంది. మన లిపులు యంత్రంలోకి ఎలా వెళ్ళాయన్న చరిత్రలో ఉంది. ఆ చరిత్ర తెలిస్తే సగం చిక్కులు రిపేరు షాపుదాకా వెళ్ళకుండానే తీరతాయి.

ఉర్దూను నస్తలీఖ్ అనే శైలిలో రాస్తారు. ఇది ఇరాన్‌లో 14, 15 శతాబ్దాల్లో రూపుకట్టింది. దీన్ని తీర్చిదిద్దినవాడిగా మీర్ అలీ తబ్రీజీ పేరు చెబుతారు. ఇందులో పదం కుడివైపు పైన మొదలై ఎడమకు వాలుగా దిగుతుంది. పక్కన ఏ అక్షరం ఉందన్నదాన్ని బట్టి ప్రతి అక్షరమూ ఆకారం, ఎత్తు మార్చుకుంటుంది. చుక్కలు పెట్టే చోటు కూడా మారుతుంది. తెలుగు అచ్చుకీ కష్టాలు తక్కువ కావు. గుణింతాలకు, ఒత్తులకు కలిపి కంపోజిటర్ ముందు వందల గళ్ళ కేసు ఉండేది. అయినా తెలుగు అక్షరాలు ఒక గీత మీద వరసగా నిలబడతాయి కాబట్టి సీసపు టైపుకి లొంగాయి. నస్తలీఖ్ లొంగలేదు. అరబ్బులు వాడే నస్ఖ్ శైలిని టైపులో పోయగలిగారు గానీ, ఆ శైలిలో అచ్చయిన ఉర్దూ పుస్తకాన్ని ఉర్దూ పాఠకుడి కన్ను ఒప్పుకోలేదు.

ఈ బాధ హైదరాబాద్‌కి మిగతా ఊళ్ళకన్నా ఎక్కువ. 1917లో ఇక్కడ అనువాద సంస్థ దారుల్ తర్జుమా పుట్టింది. మరుసటేడు ఉస్మానియా విశ్వవిద్యాలయం మొదలైంది. గణితం, వైద్యం, న్యాయశాస్త్రం అన్నీ ఉర్దూలో చెప్పాలి, అంటే పుస్తకాలు గుట్టలుగా అచ్చు కావాలి. నస్తలీఖ్‌ని టైపులోకి, టైప్‌రైటర్‌లోకి దించడానికి నిజాం సర్కారు ప్రయత్నించింది. వ్యాపారానికి పనికొచ్చే ఫలితం మాత్రం రాలేదు.

దాంతో రాతి అచ్చే గతి అయింది. 1796లో జర్మనీలో అలోయిస్ సెనెఫెల్డర్ కనిపెట్టిన లిథోగ్రఫీ అది. కాతిబ్, అంటే రాతపనివాడు, పూత పూసిన కాగితం మీద కొవ్వు కలిసిన సిరాతో రెల్లు కలం పట్టి రాస్తాడు. ఆ రాతను రాతి పలక మీదికి ఎక్కిస్తారు. పలకను తడిపితే ఖాళీ చోట నీరు నిలుస్తుంది, రాత ఉన్నచోట సిరా పట్టుకుంటుంది. ఈ పద్ధతిలో నస్తలీఖ్ వంపు ఒక్కటి కూడా చెడదు. పత్రిక మొత్తం రోజూ చేత్తో రాయడమే దీనికి చెల్లించిన మూల్యం. 1949లో మొదలైన సియాసత్‌తో సహా మన నగరపు ఉర్దూ దినపత్రికలన్నీ దశాబ్దాలపాటు కాతిబ్‌ల చేతి మీదే నడిచాయి. ఆఫ్‌సెట్ యంత్రాలొచ్చి రాళ్ళు పోయాయి గానీ చేతిరాత పోలేదు. సాయంత్రం వార్త మారిందంటే ఆ కాలమ్ మళ్ళీ రాయాల్సిందే. చెన్నైలో 1927లో పుట్టిన ముసల్మాన్ పత్రిక 21వ శతాబ్దంలో కూడా చేతిరాతతోనే వెలువడింది.

ఈ ముడి విప్పింది ఇంజినీర్లు మాత్రమే కాదు. కరాచీకి చెందిన మీర్జా అహ్మద్ జమీల్ అనే చేతిరాత కళాకారుడు అందులో ప్రధాన పాత్రధారి. నస్తలీఖ్‌ని అక్షరాలుగా ముక్కలు చేసి మళ్ళీ కలపాలని అందరూ తంటాలు పడుతుంటే, ఆయన అక్షరాల కూటములనే యూనిట్లుగా తీసుకున్నారు. ఉర్దూలో వచ్చే కూటములను వేలకొద్దీ విడివిడిగా రాశారు. అలాంటివి 20 వేలకు పైగా చేరాయి. బ్రిటన్‌లోని మోనోటైప్ కంపెనీ వాటిని తన లేజర్ కంపోజింగ్ యంత్రంలో ఎక్కించింది. 1981లో నూరీ నస్తలీఖ్ తయారైంది. పాకిస్తాన్‌లో జంగ్ పత్రిక దాన్ని వాడడం మొదలుపెట్టింది. యంత్రం ధర చిన్న పత్రికలకు అందేది కాదు. పైగా పేజీ ఎలా వస్తుందో తెర మీద చూసుకునే వీలు లేదు, ఆదేశాలు టైపు చేసి ఫలితం కోసం ఎదురుచూడాలి.

నూరీ నస్తలీఖ్ మామూలు కంప్యూటర్ మీదికి 1994లో వచ్చింది. తెచ్చింది భారతీయ కంపెనీ. కాన్సెప్ట్ సాఫ్ట్‌వేర్ అనే సంస్థ మోనోటైప్ నుంచి నూరీ నస్తలీఖ్ లైసెన్సు తీసుకుని విండోస్ మీద ఇన్‌పేజ్ తయారుచేసింది. ఛత్తా బజార్ బతుకు దీంతో మారిపోయింది. ఏళ్ళ తరబడి ఉస్తాద్ దగ్గర కూర్చుని కలం పట్టడం నేర్చుకున్నవాళ్ళ పనిని కీబోర్డు తెలిసిన కుర్రాళ్ళు గంటలో చేయసాగారు. కొందరు కాతిబ్‌లు శీర్షికలకే పరిమితమయ్యారు, కొందరు కంప్యూటర్ నేర్చుకున్నారు, చాలామంది వేరే పని వెతుక్కున్నారు. ఒక చేతి కళ ఇలా తెర మీదికి వచ్చినప్పుడు దాని వెనకున్న చేతిని తలుచుకోవడం మన బాధ్యత అని నేననుకుంటాను. ఇన్‌పేజ్‌లో మీటలు నొక్కితే తెర మీద వాలే పదం ఒక కాతిబ్ రాసిన రాతే.

మన డబ్బాల జబ్బుకు మూలం కూడా ఈ కాలంలోనే పడింది. పాత ఇన్‌పేజ్ అక్షరాలను తన సొంత సంకేతాల్లో దాచేది. మరో ప్రోగ్రామ్‌కి అవి అర్థం కావు. ఉర్దూ పత్రికలు ఇంటర్నెట్‌లోకి వచ్చిన కొత్తలో వార్తలను బొమ్మలుగా పెట్టింది అందుకే. తెలుగులోనూ ఇదే కథ. పేజ్‌మేకర్‌లో అను, శ్రీలిపి ఫాంట్లతో మనం వేసిన పుస్తకాల్లో కంప్యూటర్ లెక్కన తెలుగన్నదే లేదు. ఇంగ్లీషు అక్షరాలకు, గుర్తులకు కేటాయించిన స్థానాల్లో తలకట్టు, కొమ్ము, ఒత్తు బొమ్మలు కూర్చోబెట్టారు. ఫాంటు తీసేస్తే మిగిలేది ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల గజిబిజి.

కాబట్టి ఫైలు చెడిందని గాభరా పడేముందు తెర మీద ఏం కనిపిస్తోందో చూడండి. ఖాళీ డబ్బాలు కనిపిస్తే సాధారణంగా మీ పాఠం క్షేమంగా ఉన్నట్టే. అది అన్ని లిపులకూ ఉమ్మడి సంకేతాలిచ్చే యూనికోడ్‌లోనే ఉంది, ఆ లిపికి ఫాంటు మాత్రం లేదు. గూగుల్ ఉచితంగా ఇచ్చే నోటో ఫాంట్లు వేసుకుంటే చాలు. ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు గజిబిజిగా కనిపిస్తే అది పాత పద్ధతి ఫైలు. ఏ ఫాంటులో చేశారో కనుక్కుని దాన్నే వేయాలి, లేదా కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చాలి.

మూడో రకం చిక్కు ఉంది. ఉర్దూ అక్షరాలు విడివిడిగా, ఎడమ నుంచి కుడికి తిరగబడి వస్తాయి, తెలుగైతే ఒత్తులు ఊడి పక్కకు పడతాయి. ఇక్కడ ఫాంటుది తప్పు కాదు, సాఫ్ట్‌వేర్ అక్షరాలను కలపడం లేదు. పాత ఫొటోషాప్ వాడేవాళ్ళు ప్రిఫరెన్సెస్‌లో టైప్ విభాగానికి వెళ్ళి, మిడిల్ ఈస్టర్న్, సౌత్ ఏషియన్ భాషల ఆప్షన్ (కొన్ని వెర్షన్లలో వరల్డ్ రెడీ లేఅవుట్) ఎంచుకుని ప్రోగ్రామ్ మూసి తెరవాలి. వర్డ్‌లో ఉర్దూ పేరా తప్పు వైపు మొదలైతే, ఉర్దూ కీబోర్డు ఇన్‌స్టాల్ అయి ఉన్న కంప్యూటర్‌లో కంట్రోల్‌తో పాటు కుడివైపు షిఫ్ట్ నొక్కితే దారికొస్తుంది.

ప్రెస్‌కి పంపే కార్డు ఫైలుని ఫాంట్లు ఇమిడిన పీడీఎఫ్‌గా పంపండి. కోరెల్‌డ్రా అయితే కంట్రోల్ క్యూతో అక్షరాలను గీతలుగా మార్చండి. మార్చాక దిద్దుబాటు కుదరదు. పెళ్ళి తేదీ మారితే మొదటికొస్తుంది కాబట్టి దిద్దుకునే కాపీ ఒకటి వేరే పేరుతో ఉంచుకోవాలి.

అన్నిటికన్నా మొండి చిక్కు కంటికి కనపడనిది. ఉర్దూ 'యే', 'కాఫ్' అక్షరాలకు అరబ్బీ రూపం ఒకటి, ఉర్దూ రూపం ఒకటి యూనికోడ్‌లో వేరువేరు సంకేతాలతో ఉన్నాయి. పదం మధ్యలో రెండూ ఒకేలా కనిపిస్తాయి. జాబితాలో పేరు కళ్ళెదుటే ఉన్నా వెతికితే దొరకదు. అలాంటప్పుడు ఆ పేరును మీరు టైపు చేయకుండా జాబితాలోంచే కాపీ చేసి వెతికి చూడండి. దొరికితే కారణం ఇదే. తెలుగులో 'సాఫ్ట్‌వేర్' లాంటి మాటల్లో పొల్లు నిలబడడానికి మధ్యలో పెట్టే అదృశ్య విడదీత గుర్తు కూడా వెతుకులాటను ఇలాగే దెబ్బతీస్తుంది. ఆ గుర్తు ప్రపంచం మొత్తానికి 2018 ఫిబ్రవరిలో తెలిసొచ్చింది. 'జ్ఞ' తర్వాత ఆ గుర్తు, దానిపైన దీర్ఘం వచ్చిన ఒక్క అక్షరం మెసేజ్‌లో వస్తే ఐఫోన్ యాప్‌లు కుప్పకూలాయి. ఆపిల్ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిదిద్దింది. కోట్లమంది రాసే లిపిని విడుదలకు ముందు సరిగా పరీక్షించలేదన్నమాట. ఉర్దూదీ అదే అనుభవం. ఐఫోన్‌లో నస్తలీఖ్ కోసం 2017 దాకా ఆగాల్సి వచ్చింది.

ఇక భద్రత. ఇన్‌పేజ్‌లోని ఒక లోపాన్ని వాడుకుని దాడులు జరుగుతున్నాయని 2016 నవంబరులో కాస్పర్‌స్కీ సంస్థ బయటపెట్టింది. గురి పెట్టినవాటిలో బ్యాంకులూ ఉన్నాయి. దాడికోసం తయారుచేసిన ఇన్‌పేజ్ ఫైలు మెయిల్‌లో వచ్చినప్పుడు దాన్ని తెరిస్తే చాలు, కంప్యూటర్ పరాయి చేతిలోకి పోయేది. లైసెన్సు లేకుండా వాడే పాత దొంగ కాపీలు అప్‌డేట్ కావు. తెలియనివారి ఫైలును పాత ఇన్‌పేజ్‌లో తెరవకండి. పాత ఫైళ్ళ కోసం విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్‌ని మూలన ఉంచుకున్న దుకాణం ఉంటే దాని ఇంటర్నెట్ తీగ పీకేయండి, ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మద్దతు 2014 ఏప్రిల్ 8నే ముగిసింది. ఆన్ చేసిన ప్రతిసారీ దానిలో తేదీ ఏళ్ళు వెనక్కి పోతుంటే మదర్‌బోర్డు మీది నాణెంలాంటి సీఆర్ 2032 బ్యాటరీ అయిపోయినట్టు. కొత్తది వేయండి. అంతకన్నా ముందు హార్డ్‌డిస్క్‌లో ఉన్నదంతా బయటికి కాపీ తీయండి.

కాపీ ఎందుకంటే, రాబోయే సాంకేతికతకు ఆహారం అదే. 2017 ఆగస్టులో గూగుల్ మాటను అక్షరంగా మార్చే సదుపాయంలో తెలుగు, ఉర్దూ రెంటినీ చేర్చింది. అదే ఏడు మన హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ పరిశోధకులు ఉర్దూ అచ్చును చదివే న్యూరల్ నెట్‌వర్క్ పద్ధతిని ప్రకటించారు. 2022లో కేంద్రం భాషిణి అనే అనువాద వేదికను మొదలుపెట్టింది. ఇప్పుడు కృత్రిమ మేధ కథలు రాస్తోంది, అనువాదాలు చేస్తోంది. అయితే ఈ యంత్రాలన్నీ చదవగలిగిన పాఠం నుంచే నేర్చుకుంటాయి. 1990ల నుంచి పాతబస్తీలో ఉర్దూలో, విజయవాడలో, హైదరాబాద్‌లో తెలుగులో కంపోజ్ అయిన కథలు, కవితలు, పత్రికలు ఎన్నో పాత సంకేతాల ఫైళ్ళలోనే ఉండిపోయాయి. యంత్రం లెక్కలో అవి లేనట్టే. మన భాషల్లో కృత్రిమ మేధ తడబడడానికి కారణాల్లో ఇదొకటని నా నమ్మకం. అచ్చు పేజీని స్కాన్ చేసి చదివించే దారి ఉంది గానీ, అసలు ఫైలు చేతిలో ఉండగా అది చుట్టుదారి. తప్పులూ ఎక్కువే పడతాయి.

ఇది మనందరి చేతిలో ఉన్న పని. మీ దగ్గర, మీ నాన్నగారి దగ్గర, మీ వీధి డీటీపీ సెంటర్‌లో పాత ఇన్‌పేజ్, అను, శ్రీలిపి ఫైళ్ళుంటే ముందు రెండు చోట్ల కాపీ తీయండి. ఏ ఫాంటులో చేశారో ఒక కాగితం మీద రాసి జత చేయండి. తర్వాత యూనికోడ్‌లోకి మార్చండి. ఫోన్ నంబర్లు, ఇంటి వివరాలు ఉన్న ఫైళ్ళను ముక్కూమొహం తెలియని వెబ్‌సైట్‌లో పెట్టకండి, కంప్యూటర్‌లోనే పనిచేసే కన్వర్టర్ వాడండి. మార్చాక అంకెలు, ఒత్తులు, ఉర్దూ అయితే స్వరాల గుర్తులైన జేర్, జబర్‌లు ఒకటికి రెండుసార్లు సరిచూడండి. హక్కులు మీవే అయితే నలుగురూ చదివేలా బయటపెట్టండి. ఆ పాత కంప్యూటర్ ఆన్ అవుతుండగానే ఈ పని మొదలుపెట్టండి.